మానుకోటకు సముద్రం ఎంత దూరం?

జనగామ, మహబూబాబాద్ (మానుకోట), భూపాలపల్లి జిల్లాల్లో ఏ గుట్టెక్కి చూసినా సముద్రం కనపడదు. దగ్గరి తీరం కూడా దాదాపు రెండు వందల కిలోమీటర్లు. ఇక్కడ నీళ్లంటే చెరువు, కుంట, వాగు. చేపంటే బొచ్చె, రవ్వ, కొర్రమీను. సముద్రం సంగతి పురాణంలో వినాల్సిందే. పాలకుర్తి పక్కనున్న బమ్మెర పోతన పాలసముద్రాన్ని చిలికించి చూపించాడు గాని, ఆ ఊరి నుంచి అలల చప్పుడు వినపడే చోటికి పోవాలంటే ఇప్పటికీ ఒక పూట ప్రయాణం.

సముద్రం మాత్రం ఈ జిల్లాలకు వస్తూనే ఉంది. 2023 జులై 26 ఉదయం నుంచి 27 ఉదయం దాకా భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616 మిల్లీమీటర్ల వాన కురిసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటేడు మానుకోట వంతు. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరద నీరు రైలు పట్టాల కింది కంకరను ఊడ్చుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడాయి. రెండుసార్లూ బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో ఉంది. 2024 నాటిది కళింగపట్నం దగ్గర తీరం దాటి లోపలికి వచ్చింది. మన చెరువులు మత్తడి దూకించిన నీళ్లలో చాలా భాగం అంతకు కొన్ని రోజుల ముందు ఉప్పునీళ్లే.

ఆ ఉప్పునీళ్లను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఎవరు, పొద్దున లేచి ఏం చేస్తారు అన్నది మొన్నమొన్నటి దాకా మనకు తెలిసే దారి లేదు. ఇప్పుడు ఫోనులో ఉంది. ఓడ మీద ఉన్న శాస్త్రవేత్తలు, తీరంలో బురద తొక్కేవాళ్లు, హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు తమ రోజువారీ పనిని ఫొటోలుగా, చిన్న వీడియోలుగా ఎక్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో పెడుతున్నారు.

అవును, హైదరాబాద్‌లోనే. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరి నోటా ఇన్‌కాయిస్, ఉన్నది ప్రగతినగర్‌లో. జనగామ నుంచి బస్సెక్కితే రెండున్నర, మూడు గంటలు. 1999లో పెట్టారు. తీరం లేని నగరంలో సముద్ర కేంద్రమేమిటని నవ్వేవాళ్లున్నారు. కానీ అక్కడి పని సముద్రంలో దిగడం కాదు, సముద్రం పంపే కబుర్లు అందుకుని లెక్కగట్టడం. ఉపగ్రహాలు, తేలే బోయలు, తీరంలో నీటిమట్టం కొలిచే పరికరాలు పంపే అంకెలన్నీ అక్కడికి చేరతాయి. అలల ఎత్తు, గాలి, నీటి వేడి రేపు ఎట్లుంటాయో అక్కడి నుంచి చెబుతారు. నీటి పైపొర వేడినీ, పచ్చటి నాచు రేణువుల ఆచూకీనీ ఉపగ్రహ చిత్రాల్లో చూసి చేపలు ఎక్కడ గుమిగూడతాయో తెలుగుతో సహా తీర భాషల్లో మత్స్యకారులకు అందిస్తారు. ఒడ్డు వదిలి పది పన్నెండు కిలోమీటర్లు పోతే ఫోను మూగబోతుంది కాబట్టి, ఉపగ్రహం నుంచే సందేశాలు అందుకునే జెమిని అనే పరికరాన్ని 2019లో తెచ్చారు.

పాత పద్ధతి ఎట్లుండేదో తెలిస్తేగాని ఇప్పటి మార్పు విలువ తెలియదు. 1872లో బ్రిటిష్ ఓడ ఛాలెంజర్ సముద్రాల పరిశోధనకు బయల్దేరి 1876లో తిరిగొచ్చింది. అది తెచ్చిన సమాచారం 50 సంపుటాలుగా వెలువడేసరికి 1895 వచ్చింది. మన దగ్గరా కథ అదే. అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పాఠాలు చెప్పి, విద్యార్థులను ఓడలెక్కించి, తూర్పు తీరంలో సముద్ర శాస్త్రానికి పునాది వేశాడు. తర్వాత తీరానికి ఆవల సముద్రపు అడుగున లోయలు బయటపడితే వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం చెప్పిన ఆచార్యుడు. మన సముద్రంలో ఆంధ్ర అనే లోయ ఒకటుందని తెలుగు నేల మీద ఎంతమందికి తెలుసు? ఆ కబురు పరిశోధన పత్రికలో అచ్చయింది, గ్రంథాలయంలో బీరువాకెక్కింది, అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు ఓడ మీద పని ఎలా సాగుతుందో చూద్దాం. సముద్ర శాస్త్రవేత్తలు పెట్టే వీడియోల్లో తరచుగా కనపడేది ఒక గుండ్రటి ఇనుప చట్రం. దాని చుట్టూ పొడవాటి బూడిదరంగు గొట్టాలు నిలబెట్టి ఉంటాయి, మధ్యలో సీటీడీ అనే పరికరం. నీటి ఉప్పదనం, వేడి, లోతు కొలవడం దాని పని. హెల్మెట్లు, లైఫ్ జాకెట్లు వేసుకున్న ఇద్దరు ముగ్గురు తాళ్లు పట్టుకుని చట్రం ఊగకుండా ఆపుతారు. క్రేను దాన్ని పైకెత్తి ఓడ అంచు దాటించి నీళ్లలోకి దించుతుంది. తీగ వదులుతూ పోతారు. మూడు వేల మీటర్ల లోతుకు దింపి పైకి తేవాలంటే గంటలు పడుతుంది. దిగేటప్పుడు గొట్టాల రెండు మూతలూ తెరిచే ఉంటాయి. పైకి వచ్చేటప్పుడు, కావలసిన లోతు దగ్గర ఆపి, ఓడలో కూర్చున్నవాళ్లు ఒక మీట నొక్కితే ఒక గొట్టం మూతలు టక్కున మూసుకుంటాయి. ఆ లోతు నీళ్లు ఆ గొట్టంలో చిక్కుతాయి. ఇంకొంచెం పైకి, ఇంకో గొట్టం. చట్రం మళ్లీ ఓడ మీదికి రాగానే సీసాలు పట్టుకుని అందరూ దాని చుట్టూ మూగుతారు. ముందు పట్టాల్సింది ఆక్సిజన్ కొలిచే నీళ్లు, ఎందుకంటే గాలి తగిలితే లెక్క తప్పుతుంది. ఆ తర్వాతే మిగతావి.

ఇదంతా తెల్లవారుజామున రెండు గంటలకైనా జరుగుతుంది. ఓడ రోజు ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి రాత్రని ఎవరూ ఆపరు. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం, మళ్లీ నాలుగు గంటలు పని. వాంతులతో మొదటి మూడు రోజులు లేవలేనివాళ్ల ముచ్చట్లూ ఈ పోస్టుల్లో ఉంటాయి. వీటిలో బాగా నవ్వించేది థర్మాకోల్ కప్పు ఆట. రంగు పెన్నులతో బొమ్మలేసిన కప్పును సంచిలో పెట్టి చట్రానికి కట్టి కిందికి పంపుతారు. ప్రతి పది మీటర్ల లోతుకూ మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత ఒత్తిడి కొత్తగా తోడవుతుంది. మూడు వేల మీటర్ల దగ్గర మూడు వందల రెట్లు. కప్పులోని గాలి బుడగలన్నీ నలిగిపోయి, బొమ్మ చెదరకుండానే కప్పు చిట్టి గిన్నెంత అయి తిరిగొస్తుంది. ఆ లోతులో ఒత్తిడి ఎంతో పాఠ్యపుస్తకంలో సూత్రం చెబుతుంది, కప్పు చూపిస్తుంది. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడికి ఇంతకంటే మంచి వీడియో దొరకదు.

ఓడ ఎప్పుడూ ఉండదు కాబట్టి ఓడ లేనప్పుడు పనిచేసేవి ఆర్గో గొట్టాలు. మనిషంత పొడవుంటాయి. సముద్రంలో వదిలేస్తే వెయ్యి మీటర్ల లోతున నీటి వాటంలో కొట్టుకుపోతూ, పది రోజులకొకసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కణ్నుంచి ఉప్పదనం, వేడి కొలుచుకుంటూ పైకి తేలి, అంకెలను ఉపగ్రహానికి అందించి, మళ్లీ మునిగిపోతాయి. ప్రపంచ సముద్రాల్లో దాదాపు నాలుగు వేలున్నాయి. హిందూ మహాసముద్రంలో మనం వదిలిన వాటి సమాచారం చేరేది ఇన్‌కాయిస్‌కే.

ఈ అంకెలకూ మోరంచపల్లికీ సంబంధం ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి అన్నీ తమ మంచినీళ్లు తెచ్చి బంగాళాఖాతంలో కుమ్మరిస్తాయి. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. అందుకే పైన పలచటి పొరగా మంచినీళ్లు నిలిచిపోయి, గాలి ఎంత రేగినా కింది చల్లటి నీళ్లతో అంత తొందరగా కలవవు. ఎండ వేడి ఆ పైపొరలోనే ఉండిపోతుంది. వానాకాలంలో అక్కడి నీళ్లు 28 డిగ్రీలకు పైనే ఉండి అల్పపీడనాలకు మేత పెడుతుంటాయి. వాన ఎంత పడుతుందో చెప్పేది భారత వాతావరణ శాఖ, ఇన్‌కాయిస్ కాదు. కానీ సముద్రం కడుపులో ఎంత వేడి ఉందో తెలియకుండా ఆ లెక్క నిలవదు. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని దిగువకు పోయే గోదావరి నీళ్లు కూడా ఆ పైపొరలో ఒక భాగం.

ఇక అసలు మాటకు వస్తాను. రోజూ పెట్టే ఈ పోస్టులు చాలావరకు విసుగ్గా ఉంటాయి. రేపు ఫలానా తీరంలో అలలు రెండు మీటర్లు, ఫలానా బోయ మరమ్మతు, ఫలానా రోజు అభ్యాసం. వాటికి లైకులు రావు. నాకు మాత్రం అవే విలువైనవి అనిపిస్తాయి. ఏమీ జరగని రోజుల్లో పని కనపడితేనే, ఏదో జరిగిన రోజున ఆ నోటి మాట నమ్ముతాం.

2024 డిసెంబర్ 4 పొద్దున ఏడున్నరకు ఈ జిల్లాలకది తెలిసొచ్చింది. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. భూపాలపల్లిలో, మానుకోటలో, జనగామలో, హైదరాబాద్‌లోనూ ఇళ్లు కదిలాయి. ఇలాంటి పొద్దున వాట్సాప్‌లో తిరిగే మాటల్లో సగానికి ఊరూ పేరూ ఉండదు. భూకంపం వివరం చెప్పాల్సింది జాతీయ భూకంప కేంద్రం. సముద్రంలో కంపిస్తే సునామీ వస్తుందా రాదా చెప్పాల్సింది ఇన్‌కాయిస్. ఈ రెండు ఖాతాలు ఫోనులో ముందే ఉన్నవాడికి, అప్పటికప్పుడు వెతుక్కునేవాడికి చాలా తేడా ఉంటుంది.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు మన తీరానికి దాని హెచ్చరిక చెప్పే వ్యవస్థే లేదు. 2007 అక్టోబర్‌లో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఇప్పుడది ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు హిందూ మహాసముద్ర దేశాలన్నిటికీ కబురు చెబుతుంది. భూమి కంపించిన పది నిమిషాల్లో మొదటి ప్రకటన రావాలన్నది వాళ్లు పెట్టుకున్న గడువు. సముద్రం అడుగున కూర్చున్న పరికరం తన మీది నీటి బరువులో తేడా కనిపెట్టి, శబ్దంగా పైనున్న బోయకు చెబుతుంది. బోయ ఉపగ్రహానికి, ఉపగ్రహం ప్రగతినగర్‌కు చెబుతాయి. నీటిమట్టం కొద్ది సెంటీమీటర్లు మారినా పట్టేస్తుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు తీరమంతా గుండెలు పట్టుకుంది. కానీ ఆ రోజు సముద్రగర్భం పైకి లేవలేదు, ఒకే ఫలకం లోపల పగుళ్ల వెంట నేల పక్కపక్కగా జరిగింది. నీళ్లను ఎత్తి కొట్టే కదలిక లేక పెద్ద సునామీ రాలేదు. 2025 జులై 30న రష్యాలోని కామ్‌చాట్కా దగ్గర 8.8 తీవ్రత నమోదైనప్పుడు మన దేశానికి ముప్పు లేదని ఇన్‌కాయిస్ ఎక్స్‌లో వెంటనే చెప్పింది. ఏమీ జరగదని చెప్పడం కూడా శాస్త్రమే. దానికీ అన్ని పరికరాలూ కావాలి.

అదే ఏడాది వేసవిలో తమిళనాడు తీరంలో జాలర్ల వలకు ఓర్‌ఫిష్ అనే పొడవాటి వెండిరంగు చేప చిక్కింది. ప్రళయానికి ముందు వచ్చే చేప అని వీడియో ఊరూరా తిరిగింది. ఈ మాట జపాన్ నుంచి వచ్చింది. దాని నిజానిజాలు తేల్చిందీ జపాన్ వాళ్లే. 1928 నుంచి 2011 దాకా లోతు చేపలు కనపడిన 336 సందర్భాలను, 221 భూకంపాలను పక్కపక్కన పెట్టి 2019లో ఒక పరిశోధన అచ్చువేశారు. కలిసింది ఒక్కటే. వదంతి నిమిషాల్లో మానుకోట చేరుతుంది. ఈ లెక్క చేరదు. చేరాలంటే దాన్ని తెలుగులో, రెండు నిమిషాల్లో, అదే ఫోనులో చెప్పే మనిషి కావాలి.

విశాఖలో అలాంటి పని కొంత జరుగుతోంది. ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ అనే బృందం పోటు తగ్గి రాళ్లు బయటపడే వేళ చూసుకుని జనాన్ని తీరం వెంట నడిపిస్తుంది. రాతి సందుల్లో నిలిచిన నీళ్లలో పీతలు, సముద్రపు పూలు, నత్తలు ఏమేం ఉన్నాయో చూపిస్తుంది. చూసినవాటి ఫొటోలు నెట్‌లో పెడుతుంది. ముంబయిలో 2017లో మొదలైన మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబయి బృందానిదీ ఇదే దారి. సరదాగా కనపడుతుంది గాని ఆ ఫొటోల్లో చోటు, తేదీ ఉంటాయి. పదేళ్లు పోగైతే ఆ తీరంలో ఏ జీవి తగ్గింది, ఏది కొత్తగా వచ్చింది అని చెప్పే లెక్క అవుతుంది.

2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి తీరంలో ఒక తిమింగల సొర వలలో చిక్కింది. చేపలన్నిటిలోకి పెద్దది, మనుషుల జోలికి రానిది. అటవీ శాఖ, మత్స్యకారులు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి దాన్ని లోతు నీళ్లలోకి తోసి బతికించారు. ఆ చేప ఫొటోలు గుర్తింపు కోసం మాల్దీవుల్లో ఈ జాతిని పరిశోధించేవాళ్లకు వెళ్లాయి. ఫొటోతో ఏం చేస్తారంటే, దాని ఒంటి మీది తెల్లచుక్కలు చూస్తారు. మన వేలిముద్రల్లా ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. వాటిని పోల్చడానికి 2005లో వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఖగోళ శాస్త్రం నుంచి తీసుకున్నది. ఆకాశం ఫొటోల్లో నక్షత్రాల గుంపులను పోల్చే లెక్కనే చేప వీపు మీదికి దింపారు. పర్యాటకుడు సరదాగా పెట్టిన ఫొటో కూడా పనికొస్తుంది, ఎడమ పక్క, మొప్పల వెనకాల స్పష్టంగా పడితే చాలు.

ఇందులో చెడు లేదా అంటే ఉంది. ఫొటో కోసం జీవిని నీళ్లలోంచి తీసి చేతిలో పట్టుకునేవాళ్లున్నారు. అరుదైనది ఉన్న చోటు చెప్పేస్తే మర్నాడు పట్టుకుపోయేవాళ్లున్నారు. లైకులన్నీ ఆక్టోపస్‌కు, డాల్ఫిన్‌కు పోతాయి. భూమి మీద తయారయ్యే ఆక్సిజన్‌లో సుమారు సగానికి మూలమైన సూక్ష్మ నాచును ఎవరూ పట్టించుకోరు. ఖాళీ సముద్రగర్భాన్ని జనం చూడరని నేనూ అనుకునేవాణ్ని. 2025 జులై, ఆగస్టుల్లో అర్జెంటీనా శాస్త్రవేత్తలు ష్మిట్ సంస్థ ఓడ నుంచి మార్ దెల్ ప్లాతా లోయలోకి కెమెరా యంత్రాన్ని దించి యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. గంటల తరబడి బురద, మధ్యలో ఒక నక్షత్ర చేప, శాస్త్రవేత్తల కేకలు. ఒకేసారి యాభై వేలమందికి పైగా కూర్చుని చూశారు. వాళ్లను కట్టిపడేసింది చేపలు కాదని నా అభిప్రాయం. తమ భాషలో, తమ యాసలో మాట్లాడుకుంటూ, తెలియనిది కనపడితే ఇదేంటో తెలియదు అని నవ్వే మనుషులు.

ఆ మనుషుల్లో ఆడవాళ్లూ కనపడతారు. ఒకప్పుడు ఓడ మీద ఆడవాళ్లకు చోటు లేదనేవారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో పనిచేసిన అదితి పంత్ 1983-84లో అంటార్కిటికా వెళ్లేదాకా మన దేశ శాస్త్ర యాత్రల్లో ఆ మంచు మీద కాలుపెట్టిన స్త్రీలు లేరు. ఆమెతో పాటు సుదీప్తా సేన్‌గుప్తా వెళ్లారు. ఇప్పుడు గూడూరు మండలంలో తండా నుంచి కాలేజీకి పోయే అమ్మాయి, తనలాంటి అమ్మాయి ఓడ మీద క్రేను నడిపించడం ఫోనులో చూడగలదు. సముద్ర శాస్త్రం చదువు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. సముద్ర సమాచారంలో శిక్షణ ఇచ్చే అంతర్జాతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఆవరణలోనే ఉంది.

భూపాలపల్లి మీదుగా పోయే గోదావరి గురించి ఒక మాట మిగిలింది. 2006లో గ్యాస్ నిల్వల కోసం మన దేశం చేయించిన తవ్వకాల్లో జాయిడ్స్ రిజల్యూషన్ అనే ఓడ గోదావరి ముఖద్వారానికి ఆవల, వెయ్యి మీటర్ల పైగా లోతున్న చోట, సముద్రగర్భపు బురదను పొడవాటి గొట్టాల్లో పైకి తీసింది. ఆ బురద గోదావరి మోసుకొచ్చింది, అంటే మన పొలాల మట్టి, మన అడవుల ఆకు. ఆకుల మీది మైనం వేల ఏళ్లయినా చెడదు. ఆ మైనంలోని కార్బన్‌ను కొలిచి కామిలో పాంటన్, లివియు జోసన్ తదితరులు 2012లో ఒక సంగతి చెప్పారు. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి నుంచి గోదావరి పరీవాహక ప్రాంతం మెల్లగా ఎండుబారింది, కరువుకు ఓర్చే మొక్కలు పెరిగాయి. తర్వాత 2017లో వచ్చిన పరిశోధన, ఆ ఎండుతో పాటు సేద్యం కూడా పెరిగి మట్టి ఎక్కువగా కొట్టుకుపోయిందని చూపించింది. మన నేల చరిత్ర మన దగ్గర లేదు, సముద్రం అడుగున భద్రంగా ఉంది.

ఈ సంగతి తెలుగులో చెప్పిన పోస్టు నా కంటపడలేదు. ఇన్‌కాయిస్ రోజువారీ పోస్టులు కూడా ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. తప్పు వాళ్లదొక్కటే కాదు, అడిగేవాళ్లు లేరు. కాబట్టి ఈ మూడు జిల్లాల విద్యార్థులకు, ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. ఈసారి బంగాళాఖాతంలో అల్పపీడనం అని రేడియోలో వినగానే ఇన్‌కాయిస్ ఖాతా తెరవండి. ఆ రోజు పెట్టిన పటం కింద, అక్కడి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి, ఆ వేడి ఎంత లోతు దాకా ఉంది అని అడగండి. తెలుగులోనే అడగండి.